హిల్టన్ హెడ్ సీ పైన్స్: చెట్ల చాటున ఈ గోల్ఫ్ ఊరు ఎలా కట్టారు?

రాధిక_షార్లెట్

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో పిల్లల సెలవులకి హిల్టన్ హెడ్ ఐలాండ్ వెళ్లాం. సీ పైన్స్ అనే గేటెడ్ కాలనీ లోపల ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు దాటాం. లోపల వీధిదీపాల్లేవు. కారు లైట్ల వెలుగులో చెట్ల మొదళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఇంటి నంబర్ పలక మోకాలెత్తున, ముదురు రంగులో ఉంది. ఒకే మలుపు మూడుసార్లు తిరిగాక దొరికింది.

పొద్దున లేచి కిటికీ తీస్తే పక్కిల్లు ఎదురుగానే ఉంది, అయినా సగమే కనిపిస్తోంది. మధ్యలో పెద్ద లైవ్ ఓక్, దాని కొమ్మల నుంచి ముసలాయన గడ్డంలా బూడిదరంగు స్పానిష్ మాస్ వేలాడుతోంది. బీచ్‌లో నిలబడి వెనక్కి తిరిగితే ఎక్కువగా చెట్ల తలలే. మర్టిల్ బీచ్ కూడా సౌత్ కరోలినాయే కదా, అక్కడేమో ఒడ్డు పొడవునా హోటల్ టవర్లు. ఇక్కడ ఇలా ఎందుకు ఉంది? ప్రభుత్వ నిబంధనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ప్లానింగ్_మూర్తి

రాధిక గారూ, నేను టౌన్ ప్లానింగ్ చదువుకున్నాను. సీ పైన్స్ మాకు క్లాసులో పాఠం, తర్వాత రెండుసార్లు వెళ్లి నడిచి చూశాను. మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వ నిబంధన ఏమీ లేదండీ. ఆ దీవికి 1983 దాకా మున్సిపాలిటీయే లేదు. మీరు చూసిందంతా అమ్మకపు దస్తావేజుల మహిమ.

కథ కలపతో మొదలైంది. 1949–50 ప్రాంతంలో జార్జియా రాష్ట్రంలోని హైన్స్‌విల్‌కి చెందిన కలప వ్యాపారులు ఈ దీవిలో పైన్ అడవి కొన్నారు. వాళ్లలో ఫ్రెడ్ హాక్, జోసెఫ్ ఫ్రేజర్ ముఖ్యులు. కొన్నది దీవిలో చాలా పెద్ద భాగం, వేల ఎకరాలు. చెట్లు కొట్టి అమ్ముకోవడమే అప్పటి ఉద్దేశం. జోసెఫ్ గారి కొడుకు చార్ల్స్ ఫ్రేజర్ కుర్రాడిగా ఆ కలప క్యాంపుకి వచ్చాడు, అడవి చూశాడు, ఇది కొట్టేసే చోటు కాదనుకున్నాడు. తర్వాత యేల్‌లో లా చదివాడు. అక్కడ భూమి వాడకం మీద చెప్పిన పాఠాలు అతని బుర్రలో నాటుకున్నాయి.

1956లో దీవికి వంతెన వచ్చింది. రెండు వరసల రోడ్డు, పడవలు వస్తే పక్కకి తిరిగే వంతెన. ఆ సమయంలోనే భాగస్తులు భూములు పంచుకున్నారు. దక్షిణపు కొస చార్ల్స్ చేతికొచ్చింది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా లేవు. దాదాపు 5,000 ఎకరాలు, పేరు సీ పైన్స్ ప్లాంటేషన్.

అతను మొదట రాసింది షరతులు. ప్రతి ప్లాటు దస్తావేజులో పదుల పేజీల కోవెనెంట్లు. ఇంటి నమూనా కంపెనీ ఒప్పుకోవాలి. రంగులు మట్టి, బెరడు, ఆకుల రంగుల్లో కలవాలి. ఒక మందం దాటిన చెట్టుని అడక్కుండా కొట్టకూడదు. ఈ షరతులు కొన్నవాడితో ఆగవు, భూమితో పాటు నడుస్తాయి. అతను అమ్మితే తర్వాతివాడికీ అవే వర్తిస్తాయి. మీ ఇంటి నంబర్ పలక మోకాలెత్తున ఉండటం కూడా ఆ పట్టుదలలోంచి వచ్చిందే.

మధు_టీ_టైమ్

మూర్తి గారూ, రోడ్ల గురించి కూడా చెప్పండి. నాకు తెలిసి అసలు కిటుకు అక్కడుంది.

ప్లానింగ్_మూర్తి

అవును, అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మామూలు బీచ్ ఊళ్లో ఒడ్డుకి సమాంతరంగా ఒక రోడ్డు వేస్తారు. రోడ్డుకి సముద్రం వైపు మొదటి వరస ఇళ్లు, అవి బంగారం. రెండో వరసకి ఎదుటివాడి పెరడు కనిపిస్తుంది. మూడో వరసని ఎవరూ పట్టించుకోరు. ఫ్రేజర్ హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ హిదేయో ససాకీ బృందంతో ప్లాన్ గీయించాడు. పెద్ద రోడ్డుని సముద్రానికి బాగా లోపలికి జరిపారు. అక్కడి నుంచి ఒడ్డు వైపు వేళ్లలా చిన్న చిన్న సందులు, ప్రతి సందూ చివర మూసుకుపోతుంది. సందుకీ సందుకీ మధ్య చెట్ల కింద కాలిబాట, అది నేరుగా ఇసుకలోకి వెళ్తుంది. అంటే వెనకాల ఇల్లు కొన్నవాడు కూడా కారు రోడ్డు దాటకుండా చెప్పుల్లేకుండా సముద్రానికి నడిచి వెళ్లొచ్చు. వెనక ప్లాట్లకి విలువ వచ్చింది ఇలాగే.

మొదట్లో బీచ్ ఒడ్డు ప్లాటు 5,350 డాలర్లకి అమ్మారు. 1962 నాటికి అదే 9,600 డాలర్లు. చెట్టు ఉంచితే నష్టం కాదు, లాభం అని బ్యాంకువాళ్లకి చూపించిన అంకెలు ఇవే.

మధు_టీ_టైమ్

ఇక గోల్ఫ్ సంగతి నేను చెప్తాను, ఇది నాకు ప్రాణం. దీవిలో మొదటి కోర్సు 1960లో వచ్చిన ఓషన్ కోర్స్, డిజైన్ జార్జ్ కాబ్. ఆ తర్వాత సీ మార్ష్. నాకు అర్థమైనంతలో సముద్రం లేని చోట సముద్రానికి బదులు ఫెయిర్‌వేని, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్లే పొడవాటి గడ్డి పట్టీని, పెట్టారు. ఒడ్డు ఎంత పొడవుంటే అంతే, దాన్ని పెంచలేం. ఫెయిర్‌వే మాత్రం అడవి లోపల ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. అటూ ఇటూ ప్లాట్లు. కొన్నవాళ్లలో చాలామంది కర్ర పట్టనివాళ్లే, వాళ్లకి కావలసింది కిటికీలోంచి పచ్చగా ఖాళీగా కనిపించే నేల. ఆ పచ్చదనం ఎవడూ కట్టడం కట్టి అడ్డుకోడన్న భరోసా.

1969లో హార్బర్ టౌన్ గోల్ఫ్ లింక్స్ తెరిచారు. పీట్ డై డిజైన్, సలహాదారు గోల్ఫ్ ఛాంపియన్ జాక్ నిక్లాస్. అప్పటికి డై ఇంకా పెద్ద పేరున్నవాడు కాదు. ఆ రోజుల్లో కొత్త కోర్సులన్నీ పొడవుగా, వెడల్పుగా కడుతుంటే ఇతను పూర్తిగా ఎదురు వెళ్లాడు. పొడవు అప్పట్లో 7,000 గజాల లోపు. గ్రీన్‌లు, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి, చిన్నవి. ఫెయిర్‌వే మధ్యలో బంతి పడినా చెట్టు కొమ్మ అడ్డు రావచ్చు, ఏ పక్క నుంచి కొట్టాలో ముందే ఆలోచించుకుని పడేయాలి. 13వ గ్రీన్ ఆయన భార్య ఆలిస్ డై చేతిది. ముందంతా ఇసుక బంకర్ చుట్టుకుని ఉంటుంది, దాని అంచుకి నిలువునా సైప్రస్ చెక్కలు దిగ్గొట్టారు. నేను ఆడిన రోజు నా బంతి ఆ చెక్కకి తగిలి టక్కుమని వెనక్కొచ్చి మళ్లీ ఇసుకలోనే పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

అదే ఏడాది నవంబరులో, థాంక్స్‌గివింగ్ సమయంలో మొదటి హెరిటేజ్ టోర్నమెంట్ పెట్టారు. ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్ అప్పటికి పూర్తి కూడా కాలేదు. గెలిచింది గోల్ఫ్ దిగ్గజం ఆర్నల్డ్ పామర్. పద్నాలుగు నెలలుగా గెలుపు లేని పామర్ అక్కడ గెలవడంతో దేశమంతా పేపర్లలో హిల్టన్ హెడ్ పేరు పడింది. డబ్బు పోసినా అలాంటి ప్రచారం రాదు.

నీళ్ల_ఇంజనీర్

మధు గారు కిటికీలోంచి కనిపించే పచ్చదనం అన్నారు, కింద జరిగింది నేను చెప్తాను. ఇవి సముద్రానికి పెద్ద ఎత్తులో ఉన్న నేలలు కావు. వాన పడితే నీరు ఎక్కడిదక్కడే నిలుస్తుంది, పోటు సమయంలో బయటికి పోదు. ఇలాంటి చోట ఇళ్లు కట్టాలంటే మట్టి కావాలి, నీటికి చోటూ కావాలి. రెండింటికీ మందు ఒకటే, మడుగు తవ్వడం. తవ్విన మట్టితో ఇళ్ల స్థలం, ఫెయిర్‌వే ఎత్తు పెంచుతారు. తవ్విన గొయ్యి వాననీటి చెరువు అవుతుంది. ఒక మడుగుని ఇంకో మడుగుకి తూములతో కలిపి చివర్న ఉప్పుటేరులోకి వదులుతారు. కొనేవాడికి అది నీటి అందం, మాకు మాత్రం డ్రైనేజీ. ఆ మడుగుల్లో మొసళ్లుంటాయి కాబట్టి పిల్లల్ని గట్టు దగ్గరికి పంపకండి రాధిక గారూ.

గోల్ఫ్ కోర్సుల గడ్డికి ఆ దీవిలో శుద్ధి చేసిన మురుగునీరు వాడతారు. అది మంచి పని. భూగర్భ జలం కథ మాత్రం బాధపెడుతుంది. దీవి కింద ఫ్లోరిడన్ అనే సున్నపురాయి పొరలో తీపి నీరుంది. సవన్నా నగరం, పరిశ్రమలు దశాబ్దాల పాటు ఆ పొరని తోడాయి, దీవివాళ్లూ తోడారు. ఒత్తిడి తగ్గి ఉప్పునీరు లోపలికి జరుగుతూ వచ్చింది. ఉత్తరం వైపు బావులు ఒకదాని తర్వాత ఒకటి మూసేయాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ రివర్స్ ఆస్మాసిస్ ప్లాంటు పెట్టి ఉప్పు తీస్తున్నారు.

వంశీ_సవన్నా

ఇంతవరకు అందరూ 1950 నుంచే చెప్తున్నారు. అంతకు ముందు అక్కడ అడవి తప్ప మనిషి లేడన్నట్టు ఉంది. నేను సవన్నాలో పదమూడేళ్లుగా ఉంటున్నాను, అది విన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

వంతెన రాకముందు ఆ దీవిలో ఉన్నవాళ్లలో అత్యధికులు గల్లా ప్రజలు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. వాళ్ల చేత అక్కడ సీ ఐలాండ్ పత్తి పండించారు. అమెరికా అంతర్యుద్ధంలో, 1861 నవంబరు 7న పోర్ట్ రాయల్ యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం గెలవగానే తోటల యజమానులు పారిపోయారు. 1862లో జనరల్ ఓర్మ్స్‌బీ మిచెల్ పేరు మీద మిచెల్‌విల్ అనే ఊరు లేచింది. బానిసత్వం నుంచి బయటపడ్డ మనుషులు తమని తాము పాలించుకున్న ఊరు. ఒక్కో ఇంటికి పావు ఎకరం చొప్పున స్థలం, సొంత ఎన్నికలు, పిల్లలు తప్పనిసరిగా బడికి వెళ్లాలన్న చట్టం. ఆ రాష్ట్రంలో అలాంటి చట్టం అదే మొదటిది.

యుద్ధం తర్వాత చాలా కుటుంబాలు సొంత భూమి కొనుక్కున్నాయి. సాగు చేశారు, రొయ్యలు, ఆల్చిప్పలు పట్టారు, పంట పడవల్లో వేసుకుని సవన్నా వచ్చి అమ్ముకున్నారు. దీవికి కరెంటు వచ్చిందే 1950 ప్రాంతంలో. ఫ్రేజర్ షరతులు గొప్పవే, కాదనను. ఆ షరతులు కాపాడిన విలువే పక్కనున్నవాళ్ల పన్ను బిల్లుగా మారింది.

మధు_టీ_టైమ్

వంశీ గారూ, గల్లా భూములు సీ పైన్స్ వాళ్లు లాక్కున్నారని అంటున్నారా? కలప భూమి కొనుక్కుని కట్టారు కదా. దీవివాళ్లకి ఉద్యోగాలు కూడా వచ్చాయి. అన్నిటికీ ఫ్రేజర్‌ని తప్పుపట్టడం నాకు సబబుగా అనిపించట్లేదు.

వంశీ_సవన్నా

లాక్కున్నారని నేను అనలేదు మధు గారూ. ఆ తేడా చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

గల్లా కుటుంబాల భూమి చాలావరకు వీలునామా లేకుండా తరం నుంచి తరానికి వచ్చింది. వకీలు దగ్గరికి వెళ్లే నమ్మకమూ లేదు, డబ్బూ లేదు. ముత్తాత పేరు మీదున్న పది ఎకరాలకి ఇప్పుడు యాభై అరవై మంది వారసులు. అక్కడే ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్లు కొందరు, న్యూయార్క్‌లో ఎక్కడో ఉండి ఆ దీవి మొహం చూడనివాళ్లు ఇంకొందరు. అందరిదీ విడదీయని వాటా. బయటివాడు ఆ దూరపు వారసుడి దగ్గర వాటా కొని కోర్టులో విభజన దావా వేస్తాడు. అంత మందికి భూమిని ముక్కలు చేయలేమని కోర్టు మొత్తం వేలానికి పెడుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకి పోటీ పడే డబ్బు ఉండదు. అన్నీ చట్ట ప్రకారమే జరిగాయి, భూమి మాత్రం పోయింది.

దీన్ని అడ్డుకోవడానికి రాష్ట్రం చేసిన చట్టం 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. చార్ల్స్టన్ చర్చిలో హత్యకి గురైన సెనేటర్ క్లెమెంటా పింక్నీ పేరు పెట్టారు. అమ్మకం కోరుతూ విభజన దావా పడితే ముందు తోటి వారసులకి ఆ వాటా కొనుక్కునే అవకాశం ఇవ్వాలి, స్వతంత్రంగా విలువ కట్టించాలి. వంతెన వచ్చి అరవై ఏళ్లు గడిచాక వచ్చింది ఆ చట్టం.

ప్లానింగ్_మూర్తి

వంశీ గారు చెప్పింది నిజం. మా క్లాసులో సందుల ప్లాన్ గీయించారు గానీ వారసుల భూమి మాట ఒక్కసారీ రాలేదు. ఇందాక నేను కూడా 1949 నుంచే మొదలుపెట్టాను, అది నా పొరపాటే.

ఒక విషయం మాత్రం కలపాలి. దీవి నల్లజాతివాళ్లూ రిసార్టులవాళ్లూ ఒకే పక్షాన నిలబడ్డ సందర్భం ఒకటుంది. 1969లో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ బ్లఫ్టన్ దగ్గర విక్టోరియా బ్లఫ్‌లో, దీవికి ఎదురుగా ఉన్న నీళ్ల ఒడ్డున, పెద్ద రసాయన కర్మాగారం పెడతామని ప్రకటించింది. పేద జిల్లా, ఉద్యోగాలొస్తాయని రాష్ట్ర నాయకులు సంతోషించారు. రొయ్యలు పట్టే నల్లజాతి జాలర్ల సహకార సంఘం, రిసార్టులు కట్టే ఫ్రేజర్, హాక్ వర్గాలు కలిసి వ్యతిరేకించాయి. 1970లో 'కెప్టెన్ డేవ్' అనే రొయ్యల పడవ వేలాది సంతకాలున్న అర్జీలు వేసుకుని తీరం వెంబడి వాషింగ్టన్ దాకా వెళ్లింది. కంపెనీ చివరికి వెనక్కి తగ్గింది. ఇవాళ ఆ ఉప్పుటేరుల్లో నీరు బాగుందంటే ఆ పడవకీ అందులో భాగముంది.

సుధ_అకౌంట్స్

డబ్బు కోణం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. హార్బర్ టౌన్ విజయం తర్వాత సీ పైన్స్ కంపెనీ ఒక్కసారిగా అన్ని వైపులా చేతులు చాపింది. ఫ్లోరిడాలో అమేలియా ఐలాండ్, ప్యూర్టోరికోలో పాల్మాస్ డెల్ మార్, వర్జీనియాలో బ్రాండర్‌మిల్. చార్ల్స్టన్ పక్కనున్న కియావాని 1974లో కువైట్ పెట్టుబడి సంస్థ 1.74 కోట్ల డాలర్లకి కొంటే, దాని ప్రణాళిక పని కూడా వీళ్లకే వచ్చింది.

ఇలాంటి వ్యాపారంలో రోడ్లు, తూములు, గోల్ఫ్ కోర్సు అన్నీ ముందే కట్టాలి, ప్లాట్ల డబ్బు మెల్లగా వస్తుంది. మధ్య ఖాళీని అప్పు నింపుతుంది. 1973–75లో చమురు ధర, వడ్డీలు, మాంద్యం మూడూ ఒకేసారి వచ్చిపడ్డాయి. అమ్మకాలు ఆగాయి, వడ్డీ ఆగదు కదా. ఫ్రేజర్ బయటి ఆస్తులు వదులుకోవాల్సి వచ్చింది. 1983లో సీ పైన్స్ కంపెనీయే చేతులు మారింది. తర్వాతి యజమానుల కింద 1980ల మధ్యలో దివాలా కోర్టుకెక్కింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఆ తర్వాత జరిగింది. 1987లో సీ పైన్స్ నివాసులే డబ్బులు పోగేసి, సీ పైన్స్ అసోసియేట్స్ అనే సంస్థ పెట్టుకుని కంపెనీని దివాలా నుంచి కొన్నారు. కంపెనీ మునుగుతూ లేస్తూ ఉన్నా దస్తావేజుల్లో షరతులు మాత్రం చెక్కుచెదరలేదు. ఏ కొత్త యజమానీ బీచ్ మీద టవర్ లేపలేకపోయాడు. అప్పులిచ్చినవాడు మారినా చెట్టు నిలబడింది.

నీళ్ల_ఇంజనీర్

గేటు బయట మాత్రం ఆ రక్షణ లేదు సుధ గారూ. 1980ల మొదట్లో దీవిలో మిగతా చోట్ల అగ్గిపెట్టెలు పేర్చినట్టు కాండోలు (అపార్ట్‌మెంట్లు) లేస్తుంటే జనం గాభరాపడి 1983లో టౌన్ ఏర్పాటుకి ఓటేశారు. నాలుగేళ్లకి భూ వినియోగ ఆర్డినెన్సు తెచ్చారు. ఇప్పుడు రోడ్డు పక్క బోర్డులు చిన్నవిగా, మెరవని రంగుల్లో ఉంటున్నాయంటే అదే కారణం.

వంశీ_సవన్నా

ఆ టౌన్‌ని గల్లా కుటుంబాలు చాలావరకు వ్యతిరేకించాయి. తమ కొద్దిపాటి భూమి మీద ఎన్ని ఇళ్లు కట్టొచ్చో ఇకపై వేరేవాళ్లు నిర్ణయిస్తారని వాళ్ల భయం. పెద్ద రిసార్టులు కట్టుకోవడం అయిపోయాక వాళ్ల వంతుకి నిబంధనలు వచ్చాయి. మరి సౌకర్యాలు వచ్చాయా అంటే, గల్లా వీధుల్లో కొన్నింటికి మురుగు పైపులు ఈమధ్య దశాబ్దం దాకా పడలేదు.

మధు గారూ, మీరు ఈసారి హార్బర్ టౌన్‌లో 18వ హోల్ ఆడేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. అక్కడికి దగ్గర్లోనే, కాండోల మధ్య బ్రాడాక్స్ పాయింట్ శ్మశానం ఉంది. గల్లా వాళ్లది. కొన్ని సమాధి రాళ్లు అరిగిపోయి అక్షరాలు కూడా కనపడవు. నేను వెళ్లిన రోజు ఎవరో ఒక సమాధి మీద గవ్వలు వరసగా పేర్చి వెళ్లారు. ఎవరైనా తమవాళ్ల సమాధి చూడాలంటే ఆ గేటు దాటే రావాలి.

మధు_టీ_టైమ్

నేను అక్కడ నాలుగుసార్లు ఆడాను. లైట్‌హౌస్ వైపు చూస్తూ కొట్టడమే తెలుసు, శ్మశానం ఉందని తెలియదు. ఈసారి కర్రలు కారులో పెట్టి ముందు అక్కడికి వెళ్తాను. వంశీ గారూ, ఇందాక కాస్త గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి.

వంశీ_సవన్నా

అయ్యో, అందులో ఏముందండీ. మీరు అడగబట్టే నేను వివరంగా రాయగలిగాను.

రాధిక_షార్లెట్

ఇంత వస్తుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. మా పెద్దమ్మాయికి అంతా చదివి వినిపించాను. హార్బర్ దగ్గర పెద్ద ఓక్ చెట్టు కింద మేం ఐస్‌క్రీమ్ తిన్నాం, దాని గురించి ఎవరైనా చెప్తారా అని అడుగుతోంది.

ప్లానింగ్_మూర్తి

అది లిబర్టీ ఓక్ అమ్మా. హార్బర్ తవ్వేటప్పుడు ఆ చెట్టుకి దెబ్బ తగలకూడదని ఫ్రేజర్ పట్టుబట్టాడు. 2002 డిసెంబరులో టర్క్స్ అండ్ కైకోస్ దీవుల దగ్గర పడవ పేలిన ప్రమాదంలో ఆయన చనిపోయారు. ఆయన్ని ఆ చెట్టు కిందే ఖననం చేశారు.

రాధిక_షార్లెట్

మేం కూర్చున్నది ఆయన సమాధి పక్కనా! అక్టోబరులో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మిచెల్‌విల్ చూపించాలి పిల్లలకి. అక్కడ చూడటానికి ఇప్పుడు ఏమైనా మిగిలిందా వంశీ గారూ?

వంశీ_సవన్నా

అప్పటి ఇళ్లు మిగల్లేదండీ. బీచ్ సిటీ రోడ్డు చివర, ఎయిర్‌పోర్టు దాటాక, నీటి ఒడ్డున పార్కు ఉంది. ఓక్ చెట్లు, చిత్తడి మీదుగా చెక్కబాట, ఊరి కథ చెప్పే బోర్డులు. పాటు సమయం చూసుకుని వెళ్లండి, నీరు తగ్గినప్పుడు అక్కడ ఇసుక తిన్నెలు చాలా దూరం దాకా బయటపడతాయి. పొద్దున వెళ్తే ఎండ ఉండదు. దోమల మందు మాత్రం మర్చిపోకండి.